పెరుగు కుండ, రెండు పంపులు

కొండ కింద రెండు పెట్రోలు పంపులు ఉండేవి. ఒకటి ఎర్ర రంగుది, రెండోది బంగారు రంగుది. ఎర్ర పంపు దగ్గర ఊళ్లో కార్లన్నీ తాగేవి. బంగారు పంపు దగ్గర రాజుగారి కారు ఒక్కటే తాగేది.

ఎందుకలాగ అని ఎవరూ అడగలేదు. రాజుగారి కంచం వేరు, మంచం వేరు, గొడుగు వేరు. పెట్రోలు మాత్రం ఒకటే ఎందుకవుతుంది? అలా సరిపెట్టుకున్నారు గానీ, బంగారు పంపు పక్కనుంచి పోయినప్పుడల్లా ప్రతి డ్రైవరూ ఒక గుటక మింగేవాడు.

కొండ మీద కోట, కోట పక్కన పురిటిల్లు. పైన గాలి బాగుంటుందని రాజుగారి ముత్తవ్వ ఎప్పుడో కట్టించింది. గాలి బాగానే ఉంటుంది, ఎటొచ్చీ అక్కడికి చేరాలంటే పద్దెనిమిది మలుపులు ఎక్కాలి. నొప్పులు పడుతున్న మనిషికి పద్దెనిమిది మలుపులంటే మాటలా? ముత్తవ్వగారు మహాతల్లే, కాదనను. ఈ సంగతి మాత్రం ఆలోచించినట్టు లేదు.

ఆ మలుపుల మీద నూకాలు ఇరవై ఏళ్లుగా కారు నడుపుతోంది. కారు ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు గంజి రంగుకొచ్చింది. వెనక తలుపు కొబ్బరి తాడుతో కట్టి ఉంటుంది. అయినా నెలలు నిండిన ఆడవాళ్లందరూ ఆ కారే కావాలనేవారు. నూకాలు ఒక్క కుదుపు లేకుండా మలుపు తిప్పేది, పోతూపోతూ కబుర్లు చెప్పి నవ్వించేది. ఊళ్లో సగం మంది పిల్లలు ఆమెను కారత్త అనేవారు. ఆ పిలుపు వింటే ఆమె కడుపు నిండిపోయేది.

ఏడో మలుపు దగ్గర మాత్రం కారు రెండుసార్లు దగ్గేది. "పదమ్మా, పద" అని నూకాలు స్టీరింగు మీద తట్టేది. అది ఇంకోసారి దగ్గి, కదిలేది.

ఒక ఏడాది కొండ దారిలో కార్లు మరీ ఎక్కువయ్యాయి. పదో మలుపు దగ్గర రెండు బాడుగ కార్లు ఎదురెదురుగా ఇరుక్కుని, నువ్వు వెనక్కి పో అంటే నువ్వు పో అని ఒక పూటంతా దెబ్బలాడుకున్నాయి. అప్పుడు రాజుగారు చాటింపు వేయించారు. ఇకమీదట రాజుగారి కారు కాక, ఒక్క బాడుగ కారే కొండెక్కాలి. దానికి పురిటి కారు అని పేరు. అది ఏ కారో పెరుగు పందెం తేలుస్తుంది.

పెరుగు పందెం ఆ ఊరి పాత ఆచారం. కార్లు లేని రోజుల్లో పల్లకీ బోయీలను అలాగే ఎంచుకునేవారు. గట్టిగా తోడుకున్న పెరుగు కుండను కుదురు మీద పెట్టుకుని కింద బయల్దేరాలి, మధ్యాహ్నం భేరీ మోగేలోపు పైకి చేరాలి. అక్కడ పురిటింటి మంత్రసాని మూత తీసి చూస్తుంది. మీగడ చీలకుండా, పెరుగు నీరు విడవకుండా ఎవరు తెస్తే వాళ్లు గెలిచినట్టు. పెరుగును కదపని చెయ్యి కడుపులో బిడ్డనీ కదపదని వాళ్ల నమ్మకం. నాకూ సబబుగానే తోస్తుంది.

చాటింపు విన్న నూకాలు కారు బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. గెలిస్తే సరే. ఓడిపోతే తనకు కొండ లేదు, మలుపులు లేవు, కారత్త అన్న పిలుపు లేదు. ఆమెకు నిజంగా భయమేసింది.

అంతటితో ఊరుకున్నారా రాజుగారు? అందరికీ సమానంగా అవకాశం ఉండాలని, పందెం అయ్యేదాకా బంగారు పంపు ఊరందరికీ తెరిచారు. రాజుగారు మంచివారే. మంచివారికి ఉండే తెలియనితనం కూడా ఆయనకు కొంచెం ఉండేది.

ఇక చూడండి. తెల్లారేసరికి బంగారు పంపు ముందు కార్ల తోక కాలవ గట్టు దాకా సాగింది. పూటకూళ్లాయన ఒకడు బిందె పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. నీకు కారు లేదు కదయ్యా అంటే, కొన్నాక పోస్తానన్నాడు.

నూకాలు కూడా లైను పట్టడానికి బయల్దేరింది. దారిలో మెకానిక్ మస్తాను తన షెడ్డు ముందు ఆమెను ఆపాడు. ఆ కారు పుట్టినప్పట్నుంచీ దాని నాడి చూసేది ఆయనే.

"అమ్మాయ్, ప్లగ్గులు మసిబారాయి. ఎయిర్ ఫిల్టరు దుమ్ముకొట్టుకుపోయింది. టైర్లలో గాలి చూడు ఎంత తక్కువుందో. ఒక్క పూట కారు నా దగ్గర వదులు."

"లైను పోతుంది బాబాయ్. ముందు బంగారు పెట్రోలు పడనీ, తర్వాత చూద్దాం."

"దగ్గుకి మందు ఊపిరితిత్తులకి వెయ్యాలి గానీ, మనిషికి విందుభోజనం పెడితే తగ్గుతుందా?"

నూకాలు వినిపించుకోలేదు. చెప్పొద్దూ, ఆమె స్థానంలో ఉంటే మీరైనా నేనైనా వినం.

లైన్లో ఆమె ముందు సూరప్పనాయుడు ఉన్నాడు. అతనిది నీలం కారు, కొని ఏడాది కూడా కాలేదు. అద్దంలో మొహం చూసుకుంటూ దాన్ని తుడుస్తున్నాడు.

"నూకాలప్పా, నీ కారుకి ఈ పెట్రోలా? ముసలమ్మకి పట్టుచీర కట్టినట్టుంటుంది."

"ముసలమ్మ పట్టుచీర కట్టకూడదని ఎవరన్నార్రా తమ్ముడూ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సూరప్పనాయుడూ నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు, కారు కొత్తది, అంతే.

ఒకటిన్నర రోజు నిలబడితే నూకాలు వంతు వచ్చింది. ట్యాంకులో ఉన్న ఎర్ర పంపు పెట్రోలు డబ్బాలోకి వంపేసి, పసుపూ కుంకుమా పెట్టి మరీ బంగారు పెట్రోలు నింపించుకుంది. వెంటనే కొండ దారి పట్టింది.

ఒకటో మలుపు. అబ్బ, కారు తేలిపోతోంది. రెండో మలుపు. ఇంజను పాట పాడుతున్నట్టుంది. నూకాలు కూడా గొంతు కలిపి పాడింది. నిజం చెప్పాలంటే కారు ఎప్పటిలాగే పోతోంది, ఆమె గుండె వేగంగా పోతోంది. నాలుగు, ఐదు, ఆరు మలుపులు సంబరంగా దాటింది.

ఏడో మలుపు దగ్గర కారు రెండుసార్లు దగ్గింది.

నూకాలు బ్రేకు మీద కాలేసి అలాగే కూర్చుండిపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది. రాజుగారి కారు తాగేది తాగించినా ఈ దగ్గు పోలేదంటే ఇంక దీనికి మందే లేదనుకుంది.

"ఎందుకమ్మా ఏడుస్తావు?" అని ట్యాంకులోంచి ఎవరో అడిగారు. గొంతు పెద్దముత్తయిదువ గొంతులా నెమ్మదిగా ఉంది.

నూకాలు కళ్లు తుడుచుకుంది. "నువ్వేనా, బంగారు పెట్రోలువి?"

"నేనే."

"నీకు చాలా బలముందన్నారు. ఏదీ?"

"బలమా? నాదీ ఎర్ర పంపుదానిదీ ఇంచుమించు ఒకటే బలం. నాకున్నది ఓర్పు. ఇంజనులో పిస్టను పైకొచ్చి నన్ను గట్టిగా అదిమేస్తుంది. అదిమితే ఒళ్లు కాగిపోతుంది. అయినా ప్లగ్గు నిప్పు వేసేదాకా నేను అంటుకోను. అదే నా చదువు."

"ఎర్రదానికి ఆ చదువు లేదా?"

"కొంచెం ఉంది. మరీ అదిమితే మాత్రం దానికి కోపం ఆగదు. నిప్పు రాకముందే భగ్గుమంటుంది. రాజుగారి కారుకి అదుముడెక్కువ, అందుకని అక్కడ నేను కావాలి."

"మరి నా కారు?"

పెట్రోలు కిలకిలా నవ్వింది. "నీ కారు నన్ను అదమలేదమ్మా, నిమిరింది. పుట్టింటికి వచ్చినట్టుంది నాకు."

నూకాలుకి ఒళ్లు మండింది. "ఒకటిన్నర రోజు ఎండలో నిలబెట్టావు. ఈ ముక్క ముందే చెప్పకూడదా?"

"నన్నెవరు అడిగారు? పసుపూ కుంకుమా పెట్టి పోసేశారు."

నూకాలు కాసేపు కోపంగా కూర్చుంది. తర్వాత ఆమెకే నవ్వొచ్చింది. కారు వెనక్కి తిప్పుకుని సరాసరి మస్తాను షెడ్డుకి పోయింది. ఆయన పానా తీసుకుని బానెట్ ఎత్తాడు. ఇద్దరూ కలిసి ప్లగ్గుల మసి గీకారు. పాత ఫిల్టరు విప్పి దులిపితే షెడ్డులో ఒకరికొకరు కనపడలేదు. దాన్ని పారేసి కొత్తది బిగించారు, టైర్లకు సరిపడా గాలి కొట్టారు. వెనక తలుపుకి గొళ్లెం వేసి కొబ్బరి తాడు విప్పేశారు.

"ట్యాంకులో రాజుగారిదే ఉంది బాబాయ్. తీసేయాలా?"

"ఉండనీ, అది దీన్ని కొరకదు. చుట్టపుచూపుగా వచ్చింది, ఉన్నన్నాళ్లు ఉంటుంది."

పందెం రోజు వచ్చింది. కొండ కింద డప్పులు, సన్నాయి, జీళ్లమ్మేవాళ్లు, నెత్తిన పిల్లల్ని ఎక్కించుకున్న తండ్రులు. రాజుగారి కారుతో కలిపి పదకొండు కార్లు వరసగా నిలబడ్డాయి. ఒక్కో డ్రైవరు పక్క సీట్లో కుదురు, కుదురు మీద కుండ. అందరి ముందూ రాజుగారి నల్లకారు. మొదటి కుండ రాజుగారే ఒళ్లో పెట్టుకుని దారి తియ్యాలని ఆచారం. ఆయన వెనకే నూకాలు కారు.

ఇక్కడ ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. నాలుగు రోజులు ఊరంతా తాగేసరికి బంగారు పంపు ఎండిపోయింది. ఆ పొద్దున రాజుగారి డ్రైవరు వెళ్లి పంపు పిండితే ఒక్క చుక్క రాలేదు. ఆ మాట రాజుగారికి చెప్పడానికి నోరు రాక, ఎర్ర పంపు దగ్గర ట్యాంకు నింపించుకుని, ఇష్టదైవానికి దణ్ణం పెట్టుకుని వచ్చేశాడు.

నల్లకారు మొదటి మలుపు బాగానే ఎక్కింది. రెండో మలుపులో గునిసింది. మూడో మలుపు ఎత్తు మీద దాని కడుపులోంచి చప్పుడు మొదలైంది. ఇనప డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు టకటకటకమంటోంది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఒళ్లో కుండ ఎగిరి, రాజుగారి మీసాలకి మీగడంతా అంటుకుంది.

వెనక పది కార్లూ ఆగిపోయాయి. దారి ఇరుకు. రాజుగారి కారు కదిలితే తప్ప ఎవరూ కదలడానికి లేదు, ఎండ చూస్తే నెత్తి మీదికి వస్తోంది.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు రాజుగారు మీసం తుడుచుకుంటూ.

డ్రైవరు తలపాగా తీసి చేతుల్లో పట్టుకున్నాడు. "బంగారు పంపు ఎండిపోయింది ప్రభూ. ఎర్రది పోశాను."

"పోస్తే? ఊళ్లో కార్లన్నీ దానితోనే కదా తిరిగేది? నా కారు వాటికన్నా గొప్పది కదా?"

డ్రైవరు మళ్లీ తాళం తిప్పాడు, కారు మళ్లీ టకటకమంది. నూకాలు మాత్రం ఆ టకటకను విన్నది, విని గుర్తుపట్టింది. నిప్పు రాకముందే భగ్గుమంటోంది ఎర్రది.

ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. చెయ్యడానికే గుండె జంకింది. తన ట్యాంకులో ఉన్నది రాజుగారికి ఇచ్చేస్తే తనకు మిగిలేది ఎర్ర పెట్రోలే. ఇంతకీ ఆ రోజు ట్యాంకు మాట్లాడింది నిజమేనా, ఎండలో నిలబడి తన బుర్ర తిరిగిందా? బుర్ర తిరిగిందే అయితే కొండ పోయినట్టే. పక్క సీట్లో పెరుగు కుండను ఒకసారి చూసుకుంది. ఇంజను చప్పుడు గుర్తు చేసుకుంది. ఇరవై ఏళ్లు ఎర్రదానితో ఎక్కిన కారు ఇవాళ ఎక్కదా అనుకుని, చీర కొంగు బొడ్లో దోపి దిగింది.

"దొరగారూ, మీ ట్యాంకులోది నాకివ్వండి. నా ట్యాంకులోది మీకిస్తాను."

"నువ్వు ఓడిపోతావేమో తల్లీ" అన్నారు రాజుగారు. ఆయన గొంతులో నిజంగానే దిగులుంది.

"నా కారు సంగతి నాకు తెలుసు బాబూ."

రబ్బరు గొట్టం ట్యాంకులో పెట్టి, నోటితో లాగి, రెండు డబ్బాల్లోకి రెండు పెట్రోళ్లూ దింపింది. ముందు బంగారుది నల్లకారులో పోసింది.

"వెళ్తానమ్మా. ఉన్నన్నాళ్లు హాయిగా ఉన్నాను" అని వినపడింది ఆమెకు.

రాజుగారి డ్రైవరు తాళం తిప్పాడు. నల్లకారు రెండుసార్లు టకటకమని, ఆ తర్వాత దాని చప్పుడు అది మానేసి, గాలిలా కొండెక్కిపోయింది. దారి వదిలింది. నూకాలు కారు ఆగింది మలుపు వెడల్పులో కాబట్టి, వెనక కార్లన్నీ పక్కనుంచి ఒకదాని తర్వాత ఒకటి ఆమెను దాటేశాయి.

"ఎర్రది పోసుకున్నావా అప్పా? అయిపోయావు ఇవాళ" అని సూరప్పనాయుడు కిటికీలోంచి జాలిగా అన్నాడు. అంటూనే తొక్కాడు. తన ట్యాంకులో ఉన్నది రాజుగారి పెట్రోలన్న ధైర్యం అతని కాలికి ఎక్కింది. మిగతా వాళ్ల కాళ్లకీ అదే ఎక్కింది. మలుపుల్లో టైర్లు కీచుమన్నాయి.

నూకాలు ఎర్ర పెట్రోలు తన ట్యాంకులో వంపుకుంది. అది లోపలికి జారుతూ వెక్కిళ్లు పెట్టింది.

"ఆ కారులో నన్ను అదిమేశారమ్మా. కోపం ఆపుకోలేకపోయాను."

"సరేలే, ఏడవకు. ఇంటికొచ్చావు కదా" అంది నూకాలు.

రెండో గేరులో, ఎప్పటిలా, ఒక నిండు చూలాలు వెనక కూర్చున్నట్టే నడిపింది. నాలుగు, ఐదు, ఆరు. ఏడో మలుపు రాగానే అలవాటుగా చెయ్యి స్టీరింగు మీద తట్టడానికి లేచింది. కారు దగ్గలేదు. ఎత్తు మెత్తగా మింగేసి పైకి పోయింది. నూకాలు పకపకా నవ్వింది. దారి పక్కన మేకలు కాసుకునే ముసలాయన, ఈమెకేమైందో అని చూశాడు.

భేరీ కొట్టేవాడు కర్ర ఎత్తాడు, నూకాలు కారు పురిటింటి ముందు ఆగింది, కర్ర పడింది.

మంత్రసాని ఒక్కో కుండ మూత తీస్తూ వచ్చింది. సూరప్పనాయుడి కుండలో చూసి, "ఇందులో కాస్త ఉప్పేసుకుని తాగెయ్యి నాయనా" అంది. మిగతా కుండలన్నీ అంతే, పెరుగు ముక్కలు నీళ్లలో తేలుతున్నాయి. ఆఖరున నూకాలు కుండ. మూత తీస్తే మీగడ మీద తోడుపెట్టిన చేతి వేలి ముద్ర కూడా చెదరలేదు. మంత్రసాని కుండను అందరికీ వంచి చూపించింది. డప్పులు మోగాయి. సూరప్పనాయుడే ముందుగా వచ్చి నూకాలు కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆమె పట్టరాని సంతోషంతో కారు బానెట్ మీద తట్టింది.

రాజుగారు దగ్గరికి వచ్చి అడిగారు. "ఏం చేశావమ్మా?"

"మీది మీకిచ్చాను, నాది నేను తెచ్చుకున్నాను."

ఆ మాట అందరూ విన్నారు. విని, మన జనం ఏం చేశారనుకున్నారు? మర్నాడు పొద్దున్నే ఎర్ర పంపు ముందు కార్ల తోక కాలవ గట్టు దాటిపోయింది. గెలిచింది ఎర్ర పెట్రోలు కదా. అందరికన్నా ముందు, అప్పుడే నిద్ర లేచిన మొహంతో, నల్లకారులో రాజుగారు కూర్చుని ఉన్నారు. పూటకూళ్లాయన బిందెలోని బంగారు పెట్రోలు అమ్ముతానని కేకలేస్తుంటే, ఈ లైను చాలదని కొందరు అటు పరిగెత్తి రెండో లైను కట్టారు.

నూకాలు ఆ దారినే వచ్చింది. వెనక సీట్లో నొప్పులు పడుతున్న అచ్చియ్యమ్మ, ఆమె పక్కన అత్తగారు.

"నీ కారుకి పడింది నా కారుకి పడదా నూకాలూ?" అని రాజుగారు ఆశగా అడిగారు.

"తర్వాత చెప్తాను బాబూ, ముందు దారివ్వండి" అంది నూకాలు. రాజుగారు దిగి, స్వయంగా నాలుగు కార్లు పక్కకి తోయించారు.

పద్దెనిమిది మలుపులూ అచ్చియ్యమ్మ నవ్వుతూ, మూలుగుతూ, మళ్లీ నవ్వుతూ ఎక్కింది. పైకి చేరిన గంటకే ఆడపిల్ల పుట్టింది. పుట్టి, కోట గోడలు అదిరేలా ఏడుపు అందుకుంది. ఏం చేసినా ఊరుకునేలా లేదు.

అత్తగారు కంగారు పడిపోయింది. "కోటలోంచి పుట్టతేనె తెప్పించమంటారా? బంగారం అరగదీయమంటారా? రాజుగారి ఆవుపాలు అడిగి రానా?"

మంత్రసాని నవ్వి, పిల్లను తీసి అచ్చియ్యమ్మ రొమ్ము దగ్గర పెట్టింది. పిల్ల రెండుసార్లు తడుముకుని, దొరకబుచ్చుకుంది. ఏడుపు ఆగిపోయింది. గుక్కలు మింగుతున్న చప్పుడు ఒక్కటే గదిలో మిగిలింది.

నూకాలు గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు వింటోంది. కొండ కింద రెండు లైన్ల వాళ్లూ ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకోవడం అంత పైకీ సన్నగా వినపడుతోంది. పిల్ల మాత్రం అది ఏ పంపుదని అడగకుండా తాగుతోంది.